తోకలో ఏడ్చిన పెట్టె

ఆ శనివారం పొద్దున ఎల్డన్ క్రాఫ్ట్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య మావిస్‌ను తన విమానంలో ఎక్కించుకోవాలి. మూడు కౌంటీల అవతల ఉన్న వదిన వెల్మా ఊళ్ళో దిగాలి, ఆవిడ పెట్టే మధ్యాహ్న భోజనం చేయాలి, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి. మా నెబ్రాస్కాలో ఈమాత్రం ప్రయాణానికి ఎవరికీ చెమటలు పట్టవు. ఎల్డన్‌కు మాత్రం మంచం దిగకముందే పట్టాయి.

కారణం లేకపోలేదు. మావిస్ పెళ్ళయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆ విమానం ఎక్కలేదు. అది మావిస్ కంటే రెండేళ్ళు చిన్నది. రెక్కలు పైన, చక్రాలు కింద, నాలుగు సీట్లు మధ్యలో. ధాన్యం గోదాంలో మేనేజరుగా పనిచేసి రిటైరైన ఎల్డన్, శనివారం వస్తే చాలు, కాస్త ఆయిల్ చూసొస్తానని ఇంట్లో చెప్పి విమానాశ్రయానికి వెళ్ళేవాడు. చీకటిపడే వేళకు చేతులకు గ్రీజుతో, ముఖంలో తృప్తితో తిరిగొచ్చేవాడు. ఆయిల్ చూడడానికే రోజంతా పట్టే బండిని ఎవరికైనా అంటగట్టడం మంచిదని మావిస్ వాదన. ఆ వాదన చలికాలం చివర్లో బాగా ముదిరి, ఒక ఒప్పందం దగ్గర ఆగింది.

"ఒక్కసారి ఎక్కుతా," అంది మావిస్. "దిగాక నేనేం చెబితే అది. ఉంచమంటే ఉంచుకో, అమ్మమంటే అమ్మెయ్. ఇంక దాని మీద మాట ఉండకూడదు."

ఎల్డన్ సరేనన్నాడు. మంచు కరిగేలోగా ఆవిడే మరిచిపోతుందనుకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేశాక కూడా భార్య ఒక మాట మరిచిపోతుందని నమ్మాడంటే, పాపం అతను మంచివాడనే అనుకోవాలి. మంచు కరిగింది. మావిస్ వెల్మాకు ఫోన్ చేసి ఫలానా శనివారం వస్తున్నామని చెప్పేసింది. ఈ సంగతి తెలిసిన మరుక్షణం విమానాశ్రయంలో పక్క షెడ్డులో తన విమానం పెట్టుకునే వెండెల్ హాఫ్ వచ్చి ఎల్డన్ విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. కొంటే తనే కొంటానని అతను చాలా ఏళ్ళుగా అంటున్నాడు. ఆ రోజు ఏమీ అనలేదు కానీ, తలుపు ఒకసారి తీసి వేసి, సీటు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. అది చూశాక ఎల్డన్‌కు నిద్ర కరువైంది.

అప్పటినుంచి అతను విమానాన్ని పెళ్ళికూతురిని చేసినట్టు చేశాడు. రెక్కలోంచి ఎలుకల గూడు తీశాడు. గాలికి ఈల వేసే తలుపుకు కొత్త రబ్బరు అంటించాడు. లోపల వచ్చే ముసలి వాసన పోవడానికి సీట్ల కింద కాఫీ పొడి పోసిన గిన్నెలు పెట్టాడు. ఏడాదికోసారి విమానాన్ని తనిఖీ చేసి సంతకం పెట్టే మెకానిక్ కూడా వచ్చి అన్నీ బాగున్నాయన్నాడు. తోకలో ఉన్న నారింజ రంగు పెట్టెకు మాత్రం బ్యాటరీ మార్చుకోమన్నాడు.

ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. విమానం ఎక్కడైనా కూలితే ఆ కుదుపుకు అది తనంతట తానే మేలుకుని, రేడియో ఎమర్జెన్సీ ఛానెల్లో ఆగకుండా ఏడుస్తుంది; రేడియో పెట్టుకోకపోతే పక్కనున్నవాడికీ వినబడదు. ఆ ఏడుపును పట్టుకుని వెతికేవాళ్ళు వస్తారు. దానికొక మీట ఉంటుంది. మీట ఒకవైపు ఉంటే పెట్టె ప్రమాదం కోసం నోరుమూసుకుని కాచుకుంటుంది, రెండోవైపు ఉంటే ఇప్పుడే ఏడుపు మొదలెడుతుంది. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఎల్డన్ బ్యాటరీ మార్చి, పెట్టెను మళ్ళీ బిగించడానికి తోకలోకి దూరాడు. ఆ తోక ఎప్పటిలాగే సన్నగా ఉంది, ఎల్డన్ మాత్రం ఇప్పుడు సన్నగా లేడు. భుజాలదాకా వెళ్ళాక చెయ్యి తప్ప ఇంకేదీ కదలలేదు. కంటికి ఏమీ కనబడలేదు. తడుముకుంటూ పెట్టెను బిగించి మీట నొక్కాడు. పెట్టె తలకిందులుగా బిగిసిందని అతనికి తెలియదు. అంటే ఎడమ అనుకున్నది కుడి.

ఈ పని చేసినవాళ్ళెవరైనా తరువాత విమానం రేడియోను ఎమర్జెన్సీ ఛానెలుకు తిప్పి, మన పెట్టె ఏడవడం లేదు కదా అని ఒక నిమిషం వింటారు. మా విమానాశ్రయంలో అది పళ్ళు తోముకోవడమంత మామూలు అలవాటు. ఎల్డన్ కూడా వినేవాడే. కానీ తోకలోంచి బయటికి రావడానికి అతనికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి, తను ఇక్కడే ఉండిపోతే రేపు మావిస్‌కు ఏం చెప్పాలనే ఆలోచన కూడా వచ్చింది. బయటపడ్డ సంతోషంలో రేడియో మాట మరిచి, షెడ్డు తలుపు మూసి ఇంటికెళ్ళిపోయాడు. రాత్రంతా ఆ పెట్టె రేకుల షెడ్డు లోపల ఏడ్చింది. ఇనుప రేకులు ఆ ఏడుపును గడప దాటనివ్వలేదు.

పొద్దున ఎల్డన్ విమానాన్ని షెడ్డులోంచి బయటికి తోశాడు.

మావిస్ ఒళ్ళో వెల్మా కోసం రూబర్బ్ కాడలు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం పెట్టుకుని, కారులోంచే అంతా గమనించింది. ఎల్డన్ రెక్క మీదికెక్కి పెట్రోలు ట్యాంకులో ఒక కర్ర ముంచి తీసి చూశాడు. లోపల పెట్రోలు ఎంతుందో చెప్పే మీటరు లేదా అని ఆవిడ అడిగింది. ఉంది కానీ దాని మాట నమ్మకూడదన్నాడు ఎల్డన్. తరువాత వంగి ఇంజను కింద చూశాడు. నేల మీద ఆయిల్ చుక్కలు కనిపించగానే అతని ముఖం వికసించింది. కారుతోంది కదా అని మావిస్ అడిగింది. కారితేనే లోపల ఆయిల్ ఉన్నట్టు, కారకపోతేనే భయపడాలి అని ఎల్డన్ చాలా ఓపిగ్గా వివరించాడు. వివరిస్తున్నకొద్దీ ఆ మాటలు తనకే అంత నమ్మకంగా అనిపించలేదు. మావిస్ ఏమీ అనలేదు. ఆవిడ ఏదైనా అంటే తట్టుకోవడం అతనికి అలవాటే. అనకపోవడమే కొత్త.

ఇంజను మొదటిసారే అందుకుంది. ఎల్డన్ కృతజ్ఞతతో ముందున్న అద్దం కింద చిన్నగా తట్టాడు. అది కూడా మావిస్ చూసింది. విమానం గడ్డి మీద పరుగెత్తి గాల్లోకి లేచింది. మొలకెత్తిన మొక్కజొన్న చేలు, గొడ్లు, గాలిమరలు కిందికి జారాయి. ఎల్డన్ మాత్రం వాటిని చూడలేదు. ఒక కన్ను ఆయిల్ ముల్లు మీద, ఒక కన్ను మావిస్ మీద, రెండు చెవులూ ఇంజను మీద పెట్టాడు. ఎప్పుడూ వినే చప్పుళ్ళే ఆ రోజు కొత్తగా వినిపించాయి. ఆవిడ పై పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. కళ్ళు మూసుకోలేదు, ప్రార్థన చేయలేదు. ఇది మంచి గుర్తా చెడ్డ గుర్తా అని అతను తర్జనభర్జన పడుతుండగా చెవులకు తగిలించుకున్న ఫోన్లలో వెండెల్ గొంతు వినిపించింది.

"ఏవోయ్ ఎల్డన్, గాల్లో ఉన్నావా?"

ఉన్నాననీ, మావిస్ కూడా పక్కనే ఉండి ఇదంతా వింటోందనీ ఎల్డన్ ముందుగానే హెచ్చరించాడు. వెండెల్ నోటికి అలాంటి హెచ్చరిక అవసరం. కానీ ఈసారి వెండెల్ గొంతులో వేళాకోళం లేదు. పైనుంచి వెళ్ళే పెద్ద విమానాల పైలట్లు ఇద్దరు, మన కౌంటీ మీద ఎమర్జెన్సీ పెట్టె ఏడుస్తోందని చెప్పారట. ఎక్కడో ఎవరో కూలిపోయారు. మా విమానాశ్రయంలో వెతుకులాట దళం ఉంది. వెండెల్ దానికి పెద్ద, ఎల్డన్ చాలాకాలంగా సభ్యుడు. షెడ్లలో ఉన్నవాళ్ళంతా ముందు ఎవరి పెట్టె వాళ్ళు చూసుకున్నారనీ, ఎవరిదీ కాదనీ వెండెల్ చెప్పాడు. చివరికి ఎల్డన్‌ను కూడా అడిగాడు.

"నాదా? నిన్న సాయంత్రమే కొత్త బ్యాటరీ వేసి నా చేత్తో నేను బిగించా," అన్నాడు ఎల్డన్. "నా పెట్టె గురించి నువ్వు బెంగపెట్టుకోకు."

అయితే ఒకసారి ఎమర్జెన్సీ ఛానెలుకు తిప్పి వినమన్నాడు వెండెల్. ఎల్డన్ తిప్పాడు. చెవులు పగిలేంత ఏడుపు. మావిస్ ఉలిక్కిపడి పై పళ్ళేన్ని గుండెలకు హత్తుకుంది. ఎల్డన్ కిందికి తొంగిచూశాడు. ఇంత గట్టిగా వినిపిస్తోందంటే కూలిన విమానం సరిగ్గా తన కింద ఉండాలి. కింద బెండర్ వాగు ఉంది. ఆ మాటే వెండెల్‌కు చెప్పాడు. వెండెల్ షెరీఫ్‌కు చెప్పాడు. షెరీఫ్ మనుషులు, అగ్నిమాపక బండి, అంబులెన్సు బెండర్ వాగుకు పరుగెత్తాయి.

వెల్మా భోజనం మాట ఎల్డన్ మరిచిపోయాడు. ఒప్పందం మాట కూడా మరిచిపోయాడంటే నమ్మండి. కింద ఎక్కడో మనుషులు విరిగిన రేకుల మధ్య పడి ఉన్నారన్న ఒక్క ఆలోచనే మిగిలింది. ఆయిల్ ముల్లు వైపు చూడడం మానేసి, వాగు పక్క చెట్ల కొమ్మలు తగిలేటంత కిందికి విమానాన్ని దించాడు. మావిస్‌ను కుడివైపు చూడమన్నాడు. మెరిసేది ఏది కనబడినా చెప్పమన్నాడు. మావిస్ పై పళ్ళేన్ని వెనక సీట్లో పెట్టి, ముక్కు కిటికీకి ఆనించి చూడసాగింది. ఒక తెల్లని ఆవును, ఒక పాత రిఫ్రిజిరేటరును చూపించింది.

వాగు దగ్గర ఏమీ దొరకలేదు. పద్ధతి ప్రకారం, ఏడుపు తగ్గిన వైపు వదిలి పెరిగిన వైపు వెళ్ళాలి. ఎల్డన్ ఉత్తరానికి వెళ్ళాడు. ఏడుపు తగ్గలేదు. దక్షిణానికి వెళ్ళాడు. అదే గట్టిదనం. దీనికి అతను కిందా మీదా పడి ఆలోచించి ఒక అర్థం కనిపెట్టాడు. కూలింది ఒకటి కాదు, రెండు. గాల్లో గుద్దుకుని చెరోపక్కా పడ్డాయి. ఈ మాట రేడియోలో చెప్పగానే పక్క కౌంటీ అగ్నిమాపక బండి కూడా బయలుదేరింది. షెరీఫ్ హైవే మూయించాడు. రైతులు ట్రాక్టర్లు ఆపి తమ చేలల్లో తామే వెతకడం మొదలుపెట్టారు. లూథరన్ చర్చి ఆడవాళ్ళు, వెతికేవాళ్ళకు ఆకలేస్తుందని బ్రెడ్డు ముక్కల మధ్య మాంసం పెట్టడానికి కూర్చున్నారు.

మా వైపు వంటింట్లో పోలీసు రేడియో వినే డబ్బా లేని ఇల్లు అరుదు. మూడు కౌంటీల అవతల వెల్మా బంగాళాదుంపలు ఉడకబెడుతూ ఇదే వింటోంది. చిన్న విమానం బెండర్ వాగు దగ్గర కూలిందన్నమాట వినబడింది. విమానాల్లోవాళ్ళు రేడియోలో మాట్లాడుకునేది మాత్రం ఆవిడ డబ్బాకు అందదు. చెల్లెలు, మరిది ఆ దారినే రావాలి. రావలసిన వేళకు రాలేదు. వెల్మా పొయ్యి ఆపి ఫోను అందుకుంది.

పైన ఇదేమీ తెలియని ఎల్డన్ సాయం కావాలన్నాడు. వెండెల్ తన విమానంలో వచ్చాడు. వెండెల్ దగ్గర ఏడుపు ఎటునుంచి వస్తే అటు తిరిగే ముల్లున్న పరికరం ఉంది. అది మా దళానికి గర్వకారణం.

"ఎల్డన్, కొంచెం పక్కకు జరుగు. ముల్లు నీ వైపు చూపిస్తోంది, నువ్వు అడ్డంగా ఉన్నావు."

ఎల్డన్ పక్కకు జరిగాడు.

"ఇంకొంచెం."

ఎల్డన్ ఇంకొంచెం జరిగాడు.

"ఇదేంటయ్యా, నువ్వెటు జరిగితే ముల్లు అటే జరుగుతోంది?"

తోకలో తడుముకున్న తన చెయ్యి, చేతికి తగిలిన మీట, వినకుండా వదిలేసిన రేడియో, అన్నీ ఎల్డన్ కళ్ళముందు ఒకటొకటిగా వచ్చి నిలబడ్డాయి.

మావిస్ కిటికీ మీంచి ముక్కు తీసి అతని వైపు తిరిగింది.

"ఎల్డన్, కూలిపోయింది మనమేనా?"

అతను తలూపాడు. పెట్టెను గాల్లో ఆపే వీలు లేదు, అది తోకలో ఉంది. దిగేదాకా ఏడుస్తూనే ఉంటుంది. కింద రెండు కౌంటీల జనం తననే వెతుకుతున్నారు. రేడియో బొత్తాం నొక్కి ఆ సంగతి చెప్పాలి. అతని బొటనవేలు బొత్తాం మీదే ఉంది కానీ నొక్కడం లేదు. చివరికి నొక్కి, పెట్టె తనదేననీ, తప్పు తనదేననీ, అందరినీ ఇళ్ళకు వెళ్ళమనీ చెప్పాడు. వెండెల్ మొదట నవ్వు ఆపుకున్నాడు. తరువాత ఆపుకోవడం మానేశాడు. వినేవాళ్ళందరూ వినేలా రేడియోలో ప్రకటించాడు.

"తప్పిపోయిన విమానం దొరికింది. ఇద్దరున్నారు. ఒకరికి సిగ్గు బాగా లోతుగా తగిలింది."

మా విమానాశ్రయంలో అంతమంది జనం ఎప్పుడూ చేరలేదు. వాళ్ళందరి ముందు ఎల్డన్ విమానం దిగుతూ నేలకు కొట్టుకుని మూడుసార్లు ఎగిరి, నాలుగోసారి నేలను ఒప్పుకుంది. షెరీఫ్ సహాయకుడు వచ్చి దెబ్బలేమైనా తగిలాయా అని రూలు ప్రకారం అడిగాడు. పెట్టె ఆపడానికి ఎల్డన్ మళ్ళీ తోకలోకి దూరాల్సి వచ్చింది. పెట్టె ఆగింది కానీ ఎల్డన్ బయటికి రాలేదు. అగ్నిమాపక దళం వాళ్ళు చెరో కాలూ పట్టుకుని లాగారు. ఆ రోజు వాళ్ళు చేసిన రక్షణ కార్యం అదొక్కటే. మావిస్ రూబర్బ్ పై తీసుకొచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టి, క్షమించమని అడిగింది. ఆ మాట విన్నప్పుడు ఎల్డన్‌కు నేల చీలితే బాగుండుననిపించింది. తన తప్పుకు ఆవిడ క్షమాపణ చెప్పడం అతను ఎప్పుడూ చూడలేదు.

వెండెల్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇంక ఆలోచించేదేముంది మావిస్ గారూ. ఈ పీడ నేను తీసుకుపోతా. మీరు ఒక్క మాటంటే చాలు."

మావిస్ మాట అనే అవసరం లేకుండా ఎల్డనే జేబులోంచి తాళంచెవి తీసి వెండెల్ వైపు చాపాడు. ఇన్ని నెలలు ఏ విమానం కోసం నిద్రలేకుండా గడిపాడో, దాన్ని ఒక్క క్షణంలో వదిలించుకోవాలనిపించింది అతనికి. ఇక్కడ మళ్ళీ ముఖం ఎలా చూపించాలి? వెండెల్ చెయ్యి చాపాడు. మధ్యలోంచి మావిస్ చెయ్యి వచ్చి తాళంచెవిని అందుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఇంటికెళ్ళాక చెబుతానంది.

ఎల్డన్ కారు అవసరానికి మించి మెల్లగా నడిపాడు. ఇల్లు దగ్గరపడుతున్నకొద్దీ అతనికి ఇంకో భయం పట్టుకుంది. ఆవిడ విమానం సంగతి కాకుండా తన సంగతి ఏమైనా చెబుతుందేమోనని.

ఇంటి వరండా నిండా మూతలు పెట్టిన గిన్నెలున్నాయి. మా ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా, ఇరుగుపొరుగు ముందు చేసే పని వంట చేసి గుమ్మంలో పెట్టి వెళ్ళడం. గిన్నె అడుగున బిళ్ళ అంటించి పేరు రాస్తారు, తరువాత తిరిగి తీసుకోవాలి కదా. వెల్మా ఫోను చేసిన చోటల్లా వంటలు మొదలయ్యాయని వాటిని చూడగానే తెలిసింది. చీజ్ వేసిన బంగాళాదుంపలు, పంది మాంసం, నూడుల్స్, ఎర్రటి జెల్లీ. తలుపు సందులో, క్రాఫ్ట్ దంపతుల ఆత్మలకు శాంతి కలగాలని ఒక పూలగుత్తి. లోపల ఫోను మోగుతోంది. మావిస్ వెళ్ళి ఎత్తి, వెల్మాతో తాము బతికే ఉన్నామని చెప్పింది. నమ్మించడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో వెల్మా తిట్టినట్టుంది, మావిస్ ఫోనును చెవికి దూరంగా పెట్టుకుంది.

ఇద్దరూ పొద్దుటినుంచి ఏమీ తినలేదు. మావిస్ పళ్ళేలు పెట్టి బంగాళాదుంపలు వడ్డించింది. ఎల్డన్ ముద్ద తీసుకోకుండానే మొదలెట్టాడు.

"అమ్మేద్దాం మావిస్. నువ్వు చెప్పక్కర్లేదు, నేనే అంటున్నా. రేపే వెండెల్‌కి ఇచ్చేస్తా."

"నిన్నెవరడిగారు? దిగాక నేనేం చెబితే అదన్నాం." ఆవిడ ఫోర్కు పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళూ నువ్వక్కడ నా మీద అలిగి ఆయిల్ చూసుకుంటూ కూర్చుంటావనుకున్నా. పొద్దున నీ మొహం చూస్తే జాలేసింది. చప్పుడైతే చాలు వణుకుతున్నావు. కానీ ఎవరో పడిపోయారనుకోగానే ఆ చెట్ల మీదికి దించావు చూడు, అప్పుడు వణకలేదు. నాకు ప్రాణం పోయింది, అది వేరే సంగతి. నేను పెళ్ళి చేసుకున్న మనిషి అక్కడ కనబడ్డాడు. ఎన్నాళ్ళైందో చూసి."

ఎల్డన్ తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళలో నీళ్ళు ఆవిడ చూస్తుంది.

"విమానం అమ్మేది లేదు," అంది మావిస్. "ఆ వెండెల్ నిన్ను చూసి నవ్వితే నాకు ఒళ్ళు మండింది. నవ్వాలంటే నేను నవ్వాలి, వాడెవడు? వచ్చే శనివారం వెల్మా దగ్గరికెళుతున్నాం. ఆపై శనివారం ఇంకెక్కడికైనా. ప్రతి శనివారం నేనూ వస్తా. తోకలోకి నేనే దూరతా, నువ్వు పట్టవు. రేడియో కూడా నేనే వింటా."

ప్రతి శనివారమా అని అడగబోయి ఎల్డన్ ఆగాడు. గ్రీజు చేతులు, ఒంటరి షెడ్డు, ఎవరూ ఏమీ అడగని ఆ పొడుగాటి మధ్యాహ్నాలు అతని మనసులోంచి ఒకసారి నడిచి వెళ్ళిపోయాయి. మావిస్ అతని ముఖంలోకే చూస్తూ, ఇంకేమైనా అంటావా అని అడిగింది.

ఎల్డన్ తన చావుకు వచ్చిన బంగాళాదుంపలను రెండోసారి వడ్డించుకున్నాడు.